కూత ఆగిపోయిన బండి

నేను ఒక పిరికి బండిని. ఇనుముకి పిరికితనం ఏమిటని మీరు నవ్వవచ్చు. నవ్వినా నాకు కోపం లేదు. నా మీద ఎక్కిన ప్రతి మనిషీ బండిని నడిపేది తన ధైర్యమేననుకున్నాడు. ఆ ధైర్యం కింద వణుకుతున్నది నేనని ఒక్కరికీ తట్టలేదు. ఇరవై ఏడేళ్ళుగా మనుషులను మోస్తున్నాను. వాళ్ళ బరువు నాకు భయం కాదు. ఎక్కి కూర్చోగానే నన్ను నమ్మేసి వేరే సంగతులు మాట్లాడుకుంటారు చూడండి, అదీ నా భయం.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఎక్కడో ఉత్తరాదిన పొడుగాటి రేకుల షెడ్డులో ఒకడు చక్రం తెచ్చాడు, ఒకడు ఇంజను దించాడు, ఒకడు బిగించాడు. బిగించినవాడు ఆవలిస్తూ బిగించాడని మాత్రం గుర్తుంది. వంద సీసీ ఇంజను, నల్ల ట్యాంకు మీద ఎర్ర గీత, రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. తాళ్ళతో కట్టించుకుని లారీలో ఈ విజయనగరం వైపు వచ్చాను.

మొదట నన్ను కొన్నది పశువుల ఆసుపత్రి కాంపౌండరు. గేదెలతో మాట్లాడి మాట్లాడి ఆయనకు అదే అలవాటైపోయింది. నేను ఆగాలంటే ముందు ట్యాంకు మీద చరిచి "హో, హో" అనేవాడు. ఆగలేదని చూసుకున్నాక అప్పుడు బ్రేకు గుర్తొచ్చేది. ఆ రెండింటికీ మధ్యనున్న క్షణంలో నేను ఎన్ని గోడలు చూశానో చెప్పలేను. ఆయన తర్వాత ఒక బ్యాండుమేళం నాయకుడు. పెళ్ళిళ్ళ రోజుల్లో నలుగురు మనుషులూ ఒక పెద్ద డోలూ కలిసి నా మీదే. వాళ్ళు వాయించిన పెళ్ళిళ్ళు ఎన్ని నిలిచాయో తెలియదు గాని, నా వెనక స్ప్రింగులు నిలవలేదు.

మూడో చెయ్యి పైడిరాజుది. సాలూరు లారీ డ్రైవరు. సాలూరు నుంచి కొండ ఎక్కే ఘాటీ రోడ్డు మీద, సగం ఎత్తులో, నేరేడువలస అని పది పదిహేను ఇళ్ళ ఊరు. అక్కడ అతని తల్లి నరసమ్మ, భార్య దమయంతి, నాలుగేళ్ళ కూతురు మోక్షిత. అతను రాయపూరు లోడుకి వెళ్తే పదిహేను రోజులకుగాని రాడు. ఆ పదిహేను రోజులూ నేను వసారాలో కుట్టుమిషను పక్కన నిలబడి ఉంటాను. మిషను దమయంతిది. తొమ్మిదో తరగతిలో బడి మానిపించి పెళ్ళి చేశారు. మిషను కుట్టడం ఒక్కటే ఆమె చేతికి వచ్చిన చదువు.

నాలాంటి పిరికిది ఇంకొకటి ఈ లోకంలో ఉందని నాకు తెలిసింది ఆమెను చూశాకే. మోక్షికి పుట్టినప్పటి నుంచీ ఆయాసం. మబ్బు పట్టినా, దుమ్ము లేచినా, గట్టిగా ఏడ్చినా ఊపిరి పట్టేస్తుంది. అప్పుడు ఆ పిల్లను పద్నాలుగు కిలోమీటర్లు కిందకి, సాలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళి ముక్కుకి తొడుగు పెట్టి ఆవిరి మందు పట్టించాలి. బస్సు రోజుకి ఒక్కటే, మధ్యాహ్నం రెండు గంటలకి ఎక్కి వచ్చి, మళ్ళీ దిగిపోతుంది. అందుకని పైడిరాజు ఇంట్లో ఉన్న నాలుగు రోజుల్లో బడి మైదానంలో తిప్పి ఆమెకు నన్ను నడపడం నేర్పాడు. నేర్చుకున్నన్నాళ్ళూ ఆమె మోకాళ్ళు నా ట్యాంకుకి కొట్టుకుంటూనే ఉండేవి. ఆ దడ ఆమెదో నాదో తెలిసేది కాదు.

ఆ వానాకాలం ఒక తెల్లవారు మోక్షికి ఊపిరి అందలేదు. దమయంతి నన్ను రోడ్డు మీదకి నెట్టి కిక్కు కొట్టింది. నేను లేవలేదు. నలభైసార్లు కొట్టింది. నా ప్లగ్గు మీద మసి గడ్డకట్టింది, తడి పట్టింది, లోపల నిప్పురవ్వ పుట్టడం లేదు. వసారాలో పిల్ల కుయ్ కుయ్ మని పీలుస్తున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. నేను కేవలం ఇనుమునని అంత బాగా తెలిసిన రోజు ఇంకొకటి లేదు. దేవుడిలా ఒక లారీ కొండ దిగుతూ వచ్చి వాళ్ళను ఎక్కించుకుంది.

సాయంత్రం తిరిగొచ్చాక ఆమె నా వంక చాలాసేపు చూసింది. తిట్టలేదు. ఇంటి వెనక బండరాయి ఎక్కి, మా ఊళ్ళో సిగ్నలు దొరికేది అక్కడొక్కచోటే, మొగుడికి ఫోను చేసింది.

"బావా, దీన్ని ఇప్పడం ఎలగో సెప్పు."

"నువ్వు ఇప్పుతావా? మెకానిక్కు నూకరాజుకి కబురెట్టు, పైకొచ్చి సూత్తాడు."

"నూకరాజు వొచ్చీదాకా గుంట ఊపిరి ఆపుకుంటదేటి? నువ్వు సెప్పు, నాను రాసుకుంటాను."

అలా మొదలైంది. ఆమె బండరాయి ఎక్కి విని, దిగి వచ్చి విప్పి, ఒక్కోసారి మరలు చేతిలో పట్టుకునే మళ్ళీ రాయి ఎక్కేది. ప్లగ్గు ఊడదీసి ఉప్పు కాగితంతో రుద్ది, మొన మెరిసేదాకా తుడవడం నేర్చుకుంది. గొలుసు ఎంత ఊగితే సరో, ఎంత వేలాడితే తప్పో వేళ్ళతో కొలవడం నేర్చుకుంది. ఏ మరకి ఏ పానా పడుతుందో మొదట్లో ఒక్కొక్కటీ పెట్టి చూసేది, రెండు నెలలకి చూడకుండానే చెయ్యి వెళ్ళేది. కుట్టుమిషనులో దారం బిగువు చూసుకునే చెయ్యి అది. నా క్లచ్చు తీగ బిగువు అందుకే అంత తొందరగా పట్టుబడింది.

నరసమ్మ వసారాలో చాట పట్టుకుని ఎదురుగా కూర్చునేది. "మా ఇంట్లో ఆడోళ్ళు బువ్వొండితే సాలనుకున్నాను. ఇదేటే కోడలా, సేతులనిండా మడ్డి. ఆ సేతుల్తో వొండిన పులుసు నాను తాగాలా?"

"సబ్బెట్టి కడిగినాను అత్తా."

"కడిగితే పోద్దేటి? మీ మాఁవ సేతులు సచ్చీదాకా పోనేదు."

నరసమ్మ మొగుడు కూడా లారీ డ్రైవరే. పోయి ఎనిమిదేళ్ళయింది. ఆ మాట అన్నాక ముసలామె చాట ఒళ్ళోకి లాక్కుని చెరగడం మొదలుపెట్టింది.

అంతవరకూ బాగుంది. నాకు ధైర్యం వస్తున్నట్టే ఉంది. అక్కడే జరిగింది పొరపాటు.

దమయంతికి కుట్టు నేర్పినామె ఒక పద్ధతి పెట్టింది. శుక్రవారం శుక్రవారం మిషను తుడిచి, బొట్టు పెట్టి, కన్నం కన్నానికీ ఒక చుక్క నూనె వేయాలి. మిషను ఎక్కడ కూస్తే అక్కడ నూనె అడుగుతున్నట్టు లెక్క. ఆరేళ్ళుగా ఆమె ఒక్క శుక్రవారమూ తప్పలేదు. ఇప్పుడు నన్నూ ఆ వరసలో చేర్చింది. నాకూ బొట్టు, నాకూ నూనె.

ఆ వారం వానకి నా బ్రేకులు కూయడం మొదలుపెట్టాయి. ఇంటి ముందు ఆగితే చాలు, కీచుమని చెవులు పగిలే కూత.

"ఆ కూత ఆపించే తల్లీ," అంది నరసమ్మ. "గుంట నిదరలో ఉలికిపడతంది."

దమయంతి ముక్కు పొడుగాటి నూనె డబ్బా తెచ్చింది. నా ముందు చక్రం పక్కన కూర్చుని, బ్రేకు పలకకీ డ్రమ్ముకీ మధ్య సన్నటి సందు కనిపెట్టి, ఆ ముక్కు అందులోకి దూర్చింది. నేను అరవగలిగితే ఆ నిమిషం అరిచేదాన్ని. బ్రేకు అంటే ఏమిటమ్మా? గిన్నెలాంటి డ్రమ్ము లోపల రెండు ముక్కలు విచ్చుకుని, గోడకి ఒరుసుకుని చక్రాన్ని పట్టుకోవడమే. నా ఒళ్ళంతటికీ నూనె కావాలి, ఆ ఒక్క చోట తప్ప. పట్టంతా ఆ రాపిడిలోనే ఉంది. ఆమె డబ్బా నొక్కింది. టక్కు టక్కు మని లోపలికి నూనె జారింది. ఒకదానికి పోసి రెండోదాన్ని చిన్నబుచ్చడం ఎందుకనుకుందో ఏమో, వెనక చక్రానికీ అలాగే పోసింది. అక్కడితో ఆపలేదు. ప్రేమ కొద్దీ ఇంకా నాలుగు నొక్కులు నొక్కింది.

వాకిట్లో నన్ను ముందుకీ వెనక్కీ నెట్టి చూసింది. కూత లేదు.

"సూసినావా అత్తా, ఎంత బుద్ధిగా ఉందో."

నాకున్న నోరు ఆ ఒక్క కూతే. అదీ మూసుకుపోయింది. ఆ రెండు రోజులు నేను ఒక్కటే కోరుకున్నాను. మోక్షికి ఊపిరి సరిగా ఆడాలి. నన్నెవరూ బయటికి తీయకూడదు.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి పిల్ల ఎగశ్వాస మొదలుపెట్టింది.

దమయంతి ముందు కూర్చుంది, పిల్ల మధ్యలో, పిల్లను ఒడిసి పట్టుకుని నరసమ్మ వెనక ఒక పక్కకి. ఒక్క కిక్కుకే లేచాను. లేవకుండా ఉండాలని ఎంత చూసినా, ఆమె నా ప్లగ్గును అంత బాగా తుడిచి పెట్టింది.

ఊరి చివర మొదటి వంపు దగ్గర బ్రేకు కొద్దిగా పట్టింది. నూనె ఇంకా అంతటా పాకలేదు. ఆ పట్టుకి డ్రమ్ము వేడెక్కింది, వేడికి నూనె పలచబడి గోడంతా పరుచుకుంది. రెండో వంపులో ఆమె కుడి చేత్తో మీట నొక్కింది. మీట హాయిగా లోపలికి వచ్చింది. చక్రం వినలేదు. పాదంతో వెనక బ్రేకు తొక్కింది. అదీ వినలేదు. ఎడమవైపు కొండ, కుడివైపు మోకాలెత్తు పిట్టగోడ. ఆ గోడ కూడా అక్కడక్కడ లేదు.

ఆమె వేళ్ళు చల్లబడటం నాకు పిడిలో తెలిసింది. అరవలేదు. ఆమె అరిస్తే పిల్ల బెదురుతుంది, బెదిరితే ఏడుస్తుంది, ఏడిస్తే ఉన్న ఆ కాస్త ఊపిరీ ఆగిపోతుంది. ఆ సంగతి ఆమెకు నాలుగేళ్ళుగా ఒంటికి పట్టింది. "మోచ్చీ, నానమ్మకి లారీలు లెక్కెట్టి సెప్పమ్మా," అంది.

"ఒక...టి," అంది పిల్ల ఎగరొప్పుతూ.

నా వేగం పెరుగుతోంది. నాలుగో గేరులో ఉన్నాను, గాలి చప్పుడు మారింది. నరసమ్మ తల పక్కకి తిప్పింది. ముప్పై ఏళ్ళు లారీ ముందు సీటులో మొగుడి పక్కన కూర్చుని ఈ ఘాటీ దిగిన మనిషి. ఇంజను ఊరికే పరిగెడుతోందో, పట్టి దిగుతోందో చెవికి తెలిసిపోతుంది. ఆమె కోడలి భుజం మీద గడ్డం ఆనించింది. చెవిలో మాట్లాడింది, కూర సంగతి మాట్లాడినంత నెమ్మదిగా.

"బ్రేకు లేదు కదేటే?"

దమయంతి తల ఊపింది.

"ఊపకు. గుంట సూత్తది. ఇను. మీ మాఁవ దిగుడులో ఎప్పుడూ బ్రేకు నమ్మీవోడు కాదు. గేరు దించు. ఒకేసారి దించకు, బండి ఎగిరిపోద్ది. ఒకటొకటే దించు."

మూడో గేరు పడింది. నా కడుపులో పళ్ళన్నీ గుచ్చుకున్నాయి. వేగాన్ని ఆపమని ఇంజనుని అడగడమంటే, పరిగెత్తే ఎద్దును దాని తోక చేతే పట్టించినట్టు. అయినా పట్టాను. మూడో వంపు తిరిగాం. దమయంతి పాదం నేలకి రాస్తోంది, చెప్పు అరిగి వాసన వస్తోంది.

"రెండు... నానమ్మా, రెండు."

"రెండా? మా తల్లే. ఇంకా సూడు," అంది నరసమ్మ. తర్వాత చెవిలోకి, "ఇప్పుడు రెండు ఎయ్యి."

రెండో గేరుకి నేను అరిచాను. ఈసారి నిజంగానే అరిచాను. ఇంజను గొంతు చించుకుంది, గొలుసు బిగిసి తీగలా మోగింది. ఆ గొలుసు ఊగుడు నాలుగు రోజుల కిందటే ఆమె వేళ్ళతో సరిచేసింది. తెగలేదు. కింద నుంచి ఒక లారీ హారను కొడుతూ ఎక్కుతోంది. ఆమె నన్ను కొండ వైపుకి ఒరిపించింది. నా అద్దం రాతికి తగిలి పగిలింది. లారీ మా పక్క నుంచి పోయింది, ఆ గాలికి నేను ఒక జానెడు పక్కకి జరిగాను.

నాలుగో వంపు దాటాక రోడ్డు పని కోసం పోసిన కంకర కుప్ప కనిపించింది.

"దాన్లోకి పో," అంది నరసమ్మ. "ఒకటి ఎయ్యి, పో."

ఒకటో గేరులో కంకరలోకి ఎక్కాను. ముందు చక్రం దిగబడింది. ఒక పక్కకి మెల్లగా ఒరిగి, ఆగాను. ముగ్గురూ నిలబడే ఉన్నారు. పిల్ల ఊపిరి చప్పుడు ఒక్కటే.

"ఆసుపత్రి వొచ్చీసిందా?" అంది మోక్షి.

దిగుతున్న లారీని నరసమ్మ చెయ్యెత్తి ఆపింది. "గుంటని తీసుకుని నువ్వు ఎల్లు. నాను బండి కాడ ఉంటాను." లారీ కదిలేదాకా బాగానే నిలబడింది. అది వంపు తిరగగానే కంకర మీద కూలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత నా సీటు మీద ఒక్కటి వేసింది. నాకు నొప్పనిపించలేదు. వణుకు తగ్గడానికి ఎవరైనా ఒకటి వేస్తే బాగుండునని అప్పటికే ఉంది.

మధ్యాహ్నం అవకుండానే దమయంతి పిల్లను ఎత్తుకుని, మెకానిక్కు నూకరాజు బండి వెనక కూర్చుని వచ్చింది. మోక్షి ఊపిరి తేటగా ఉంది, చేతిలో బిస్కెట్టు ఉంది. నూకరాజు నన్ను సెంటర్ స్టాండు మీద నిలబెట్టి వెనక చక్రం ఊడదీశాడు. డ్రమ్ము తెరవగానే నూనె కారి కంకర మీద పడింది. వేలితో రాసి వాసన చూశాడు.

"ఎవులు పోసినారిది?"

దమయంతి నోరు తెరిచేలోగా నరసమ్మ అంది, "కూత్తందని నానే ఆపించమన్నాను."

"నువ్వంటే మాత్రం? పోసింది నాను," అంది దమయంతి. "మిషనుకి పోసినట్టే పోసినాను. గుంటని ఎక్కించుకుని దిగినాను."

నూకరాజు నవ్వబోయాడు గాని, ఆమె ముఖం చూసి మానేశాడు. "వదినా, ఇక దీన్ని ముట్టుకోకు. నెలకోసారి నానే పైకొచ్చి సూత్తాను."

ఆ మాటకి నేను ఊపిరి పీల్చుకోవలసింది. పీల్చుకోలేకపోయాను. నెలలో మిగిలిన ఇరవై తొమ్మిది రోజులు నాకు గుర్తొచ్చాయి. ఆమెకూ అవే గుర్తొచ్చినట్టున్నాయి.

"వెనకది నువ్వు సేసీ," అంది. "ముందుది నాను సేస్తాను. నువ్వు సూడు. తప్పు సేస్తే సెప్పు."

"సేతులు వొణుకుతున్నాయి కదమ్మా."

"వొణకనీ. అవి ఎప్పుడు వొణకనేదు?"

ఆమె ఇరుసు మర విప్పింది. బ్రేకు తీగ తప్పించింది. చక్రం ఒళ్ళోకి తీసుకుంది. నూనె తాగిన పాత ముక్కలు తీసి అవతల పారేసి, డ్రమ్ముని పెట్రోలుతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, ఉప్పు కాగితంతో లోపలి గోడని గరుకు చేసింది. చేస్తున్నంతసేపూ ఆమె వేళ్ళు వణుకుతూనే ఉన్నాయి, ఒక్క మర మాత్రం జారలేదు. నూకరాజు తెచ్చిన కొత్త ముక్కలు బిగించాక చక్రం తిప్పి, మీట నొక్కి, మళ్ళీ తిప్పి, మళ్ళీ నొక్కింది. ఆవలిస్తూ బిగించినవాడి చేతి తర్వాత నాకు తగిలిన చేతుల్లో ఇంత భయపడ్డ చెయ్యి లేదు. ఇంత గట్టిగా బిగించిన చెయ్యీ లేదు.

రెండు గంటల బస్సుకి నరసమ్మనీ పిల్లనీ ఎక్కించి, దమయంతి నన్ను ఒంటరిగా కొండ ఎక్కించుకుని వెళ్ళింది.

ఆ సాయంత్రం బండరాయి మీద నిలబడి ఆమె ఉన్నది ఉన్నట్టు మొగుడికి చెప్పింది. అవతల అతనేమన్నాడో నాకు వినబడలేదు గాని, ఆమె అన్నది వినబడింది. "పాత ఇనుముకి ఏసీద్దువుగానిలే. ముందు ఇంటికి రా."

పదో రోజున పైడిరాజు వచ్చాడు. పిల్లను పొద్దున్నే డాక్టరుకి మళ్ళీ చూపించాలి. నన్ను వాకిట్లోకి దింపి ఎక్కబోయాడు. దమయంతి తాళం చెవి ఇవ్వలేదు.

"ఆగు బావా. నాను ముందు వొంపుదాకా ఎల్లి వొస్తాను."

"నానుండగా నువ్వెందుకే? పన్నెండేళ్ళు బట్టి లారీ తోలతన్నాను. నాకు బ్రేకు సూడ్డం తెల్దేటి?"

"లారీకి తెలుసు నీకు. దీన్ని ఇప్పింది నాను."

పైడిరాజు తల్లి వైపు చూశాడు. నరసమ్మ చాటలో రాళ్ళు ఏరుకుంటూ తల ఎత్తలేదు. "కూకోరా. ఆ పిల్ల తిరిగొచ్చీదాకా ఎవులూ ఎక్కరు. ఇప్పుడు ఇంట్లో అదే పద్ధతి."

అతను అరుగు మీద కూర్చున్నాడు.

మేమిద్దరమే బయలుదేరాం. ఆమె మోకాళ్ళు ఎప్పటిలాగే నా ట్యాంకుకి కొట్టుకుంటున్నాయి. వంపు దగ్గర పడుతున్నకొద్దీ నా ఇరుసు చల్లబడింది. ఎన్నిసార్లు చేసినా ఆ చోటికి వచ్చేసరికి అంతే. ముందు చేత్తో నొక్కింది. ఆగాను. కొంచెం వదిలి, పాదంతో తొక్కింది. ఆగాను. అయినా ఆమెకు చాలలేదు. పైకి వెళ్ళి, మళ్ళీ దిగి, మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఆగాను. అప్పుడు గాని ఊపిరి వదలలేదు.

మేము తిరిగి వచ్చేసరికి మోక్షి చెప్పులు వేసుకుని రోడ్డు మీద నిలబడి ఉంది.